లెనిన్ జర్మనీ గూఢచారేనా?
లెనిన్ జర్మనీ గూఢచారి అనీ, కాకుంటే తెలియకుండానే ఆ దేశం చేతిలో పావుగా మారారనీ వాదించిన ఒక వ్యాసానికి ఇది నా స్పందన. గూఢచారి అనడానికి 1917 ఏప్రిల్‌లో ఆయన స్విట్జర్లాండ్ నుంచి రష్యాకు తిరిగి వెళ్లిన రైలు ప్రయాణాన్నే వ్యాసకర్త ప్రధాన సాక్ష్యంగా చూపారు. జ్యూరిక్‌లో బయలుదేరిన లెనిన్‌నూ తోటి రష్యన్ ప్రవాసులనూ జర్మన్ ప్రభుత్వం తన భూభాగం మీదుగా దాటించిన మాట వాస్తవమే. రష్యా మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తప్పుకుంటే తన సైన్యాన్ని పశ్చిమ రంగానికి మళ్లించుకోవచ్చన్నది బెర్లిన్ లెక్క. లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కుల ప్రచారానికి జర్మనీ డబ్బు చేరిందనడానికి ఆ దేశ విదేశాంగ శాఖ పత్రాల్లోనే ఆధారాలు ఉన్నాయి కనుక, ఇదంతా కట్టుకథ అని కొట్టిపారేసే అభిమానులతోనూ నేను ఏకీభవించలేను.

అయితే సాయం పొందడం వేరు, ఆజ్ఞలకు లోబడడం వేరు. సామ్రాజ్యవాద యుద్ధాన్ని అంతర్యుద్ధంగా మార్చాలన్న పిలుపును లెనిన్ 1914లోనే ఇచ్చారు, అది జర్మన్ కార్మికులకూ వర్తించే పిలుపే. ఆయన బెర్లిన్ ఆదేశాలతో నడిచారని చాటుతూ 1918లో అమెరికా ప్రభుత్వం ప్రచురించిన సిస్సన్ పత్రాలు నకిలీవని దౌత్యవేత్త, చరిత్రకారుడు జార్జ్ కెన్నన్ 1956లో నిరూపించారు. ఇంత ముఖ్యమైన సంగతి వ్యాసంలో ప్రస్తావనకే రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇక తెలియకుండానే పావుగా మారారన్న రెండో వాదన. 1918 మార్చిలో జర్మనీ పక్షంతో కుదిరిన బ్రెస్ట్-లిటోవ్స్క్ శాంతి ఒప్పందంతో రష్యా ఉక్రెయిన్‌నూ బాల్టిక్ ప్రాంతాలనూ వదులుకున్నప్పుడు అది నిజమేనని చాలామందికి తోచి ఉంటుంది. కానీ జర్మనీ ఎత్తుగడ లెనిన్‌కు మొదటి నుంచీ తెలుసు. అదే ఏడాది నవంబరులో, విప్లవ ప్రచారం సాగిస్తున్నారంటూ సోవియట్ రాయబారి యోఫేను బెర్లిన్ వెళ్లగొట్టింది. ఆ తర్వాత జర్మనీ ఓటమిని అంగీకరించిన రెండు రోజులకే, నవంబరు 13న, లెనిన్ ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది.