వెలుగు చూద్దామని వెళ్తే

ఏటండీ ఈ గోల! పర్లాకిమిడి నుంచి పిల్లల్ని వేసుకుని బస్సెక్కి బరంపురం వెళ్లాం, ఏదో కాంతి కళా ప్రదర్శనంటే. ఎండలో గంటంపావు లైను. మనిషికి 200. లోపలేముంది? రేకుల షెడ్డు, నల్లగుడ్డ, పెళ్లిపందిట్లో వేలాడే సీరియల్ బల్బులు!

అమెరికాలో మాస్ మోకా మ్యూజియం 2017లో పాత ఫ్యాక్టరీ భవనమొకటి బాగుచేసి విస్తరించింది. అందులో కాంతితోనే కళ చేసే జేమ్స్ టరెల్ అనే కళాకారుడి గదిలోకి బూట్లకి తొడుగులేయించి, ఒకసారికి కొద్దిమందినే పంపుతారు. మూలలుండవు, గోడెక్కడో కంటికి అందదు. రంగే గాలిలా చుట్టేస్తుంది.

మరి మన దగ్గర? తోసుకోడమే! ఒకాయన వీడియో కాల్‌లో వాళ్ల వదినకి చూపిస్తున్నాడు, టార్చి వేసి మరీ. చీకటికి డబ్బులిచ్చాం బాబూ, నీ టార్చికి కాదు! వెనకాల ఇంకొకడు వేరుశనగ తొక్కలు నా కాళ్ల మీదే పోస్తున్నాడు. మా చిన్నదైతే బల్బులొదిలేసి, గోడ మీద నీలంగా మారిన బల్లినే చూస్తూ నిలబడిపోయింది. దాన్ననడానికేముంది?

పావుగంటకి కరెంటు పోయింది. నిజం చెప్పొద్దూ, అప్పుడే కాస్త బాగుంది. డబ్బులు వెనక్కిమ్మంటే, నిర్వాహకుడు "జనరేటర్ వస్తాది, ఆగండి" అని ఒడియాలో ఓసారి, తెలుగులో ఓసారి కసిరాడు.