పరీక్షించింది ఒక పుట్టగొడుగును, అమ్ముతున్నది మరొకదాన్ని

మా పెద్దనాన్నకు హెపటైటిస్ బి ఉంది. కాలేయం గట్టిపడటం మొదలై కొన్నేళ్లయింది. మొన్న వాళ్లింటికి వెళ్తే మందుల డబ్బాలో వైరస్‌ను అణచి ఉంచే టెనోఫోవిర్ మాత్రల స్ట్రిప్ సగం దగ్గరే ఆగిపోయి ఉంది. పక్కన కొత్త సీసా. దాని మీద 'గానోడెర్మా' అనే పుట్టగొడుగు పేరు మాత్రమే ఉంది. పుట్టగొడుగులో ఏ భాగమో, ఎంత సారమో ఎక్కడా లేదు. అడిగితే, తెలిసినవాళ్లు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూపించారు. చైనాలో వెయ్యి మంది కాలేయ రోగులపై పుట్టగొడుగు పని చేసిందని నిరూపించారట.

నాకు టెన్షన్ పట్టుకున్నది ఇక్కడే. ఎందుకంటే ఆ అధ్యయనం నిజంగానే జరిగింది. 2018లో 'గట్' అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. కానీ అందులో వాడింది గానోడెర్మా కాదు, 'హువాయ్ ఎర్' అనే వేరే పుట్టగొడుగు. ఆ రోగులు కూడా పెద్దనాన్న లాంటివాళ్లు కారు. కాలేయ క్యాన్సర్ గడ్డను ఆపరేషన్‌తో తీయించుకున్నవాళ్లు.

ఆ అధ్యయనాన్ని తేలిగ్గా తీసేయలేం. చైనాలో 39 ఆసుపత్రులు కలిసి చేశాయి. చివరి లెక్కలోకి వచ్చిన 1,002 మందిలో 686 మందికి హువాయ్ ఎర్ గ్రాన్యూల్స్ ఇచ్చారు, 316 మందికి ఇవ్వలేదు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 96 వారాలకు క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మందు గుంపులో నూటికి 62 మంది, రెండో గుంపులో 49 మంది. బతికి ఉన్నవాళ్లు నూటికి 95, 91. గడ్డ తీసేశాక కూడా చాలామందికి తిరగబెట్టే జబ్బు ఇది. అలాంటి చోట ఈ తేడా చిన్నది కాదు. సంప్రదాయ మందు అనగానే పెదవి విరిచే డాక్టర్లు కూడా దీన్ని చదవాలనే నేనంటాను.

అయితే ఒక పెద్ద లోటు ఉంది. రెండో గుంపుకు ఉత్తుత్తి మందు (చూడ్డానికి మందులాగే ఉండి, లోపల మందు లేనిది) కూడా ఇవ్వలేదు. ఎవరు మందు తాగుతున్నారో రోగికీ తెలుసు, డాక్టర్‌కీ తెలుసు. స్కాన్‌లో అనుమానంగా ఓ మచ్చ కనిపిస్తే అది తిరగబెట్టడమా కాదా అని తేల్చాల్సింది మనిషే. తనకు మందేమీ ఇవ్వడం లేదని తెలిసిన రోగి వేరే దారులు వెతుక్కోవచ్చు, చెకప్‌కు రావడమూ మానేయవచ్చు. ఇవన్నీ అంకెల్ని కొంత అటూ ఇటూ చేస్తాయి. ఎంత అన్నది ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే తప్ప తేలదు.

మనకు దగ్గర్లోనే దీనికి పాఠం ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు నేల ఉసిరిని హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయిందని 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో రాశారు. కామెర్లకు పసరు తాగే మన ఊళ్లవాళ్లకు అంతకంటే ఏం కావాలి? తీరా వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు. పైగా ఆ మొదటి అధ్యయనంలో ఉత్తుత్తి మందు ఉంది కూడా. ఒక్క అధ్యయనం మీద, అది ఎంత బాగున్నా, ప్రాణం పెట్టకూడదనేది అందుకే.

మరి సీసాలో ఉన్న గానోడెర్మా సంగతి? చైనాలో లింగ్‌ఝి, జపాన్‌లో రీషి అంటారు. వేల ఏళ్ల పేరుంది. ఎలుకల్లో, గాజు పాత్రల్లో కాలేయ కణాలను కాపాడిందని చెప్పే పరిశోధనలు బోలెడు. మనుషుల దగ్గరకొచ్చేసరికి చిన్న చిన్న ప్రయోగాలే. క్యాన్సర్ రోగుల్లో దీని వాడకాన్ని 2012లో పరిశీలించిన కోక్రేన్ సమీక్ష (అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచి చూసేది), దీన్ని మొదటి చికిత్సగా వాడేందుకు తగిన ఆధారం లేదని తేల్చింది. ఇంకో వైపు, లింగ్‌ఝి పొడి వాడాక కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి 2004లో హాంకాంగ్ వైద్యులు, 2007లో థాయ్‌లాండ్ వైద్యులు రాశారు. థాయ్‌లాండ్ రోగి చనిపోయారు. ఇవి అరుదైన కేసులే, తప్పు పూర్తిగా పొడిదే అని చెప్పలేం. కానీ కాలేయం కోసమని తాగేదే కాలేయానికి ఎసరు పెట్టొచ్చన్న అనుమానం చాలదా?

నా కోపం పుట్టగొడుగు మీద కాదు, ఒకదాని రుజువును తెచ్చి ఇంకొకదానికి అంటించి అమ్మేవాళ్ల మీద. హెపటైటిస్ బి మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే వైరస్ మళ్లీ విజృంభించవచ్చు. సిరోసిస్, అంటే కాలేయం గట్టిపడే జబ్బు, ఉన్న మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. ఆ సంగతి వాట్సాప్ బొమ్మలో ఉండదు.

హువాయ్ ఎర్‌ను చైనా బయట, అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గ్రాన్యూల్స్‌తో పోల్చి, స్కాన్ చూసే డాక్టర్‌కు ఎవరే గుంపో తెలియకుండా మళ్లీ పరీక్షించాలి. అప్పుడూ నెగ్గితే నేనే ముందుండి రాస్తాను. అప్పటిదాకా పెద్దనాన్న డబ్బాలో ఉండాల్సింది టెనోఫోవిరే. ఆ మాత్రలు 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద ఉచితంగానే ఇస్తున్నారు. ఎన్ని రోజులు మానేశారో తారీఖులతో కాగితం మీద రాయించాను. రేపు ఆ కాగితం, సీసా రెండూ పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్తున్నాం.