క్యాన్ నీళ్లకు పెట్టే డబ్బు లెక్కలోకి రాదా?

గ్రామాల్లో నల్లా నీటికి నెలనెలా రుసుం వసూలు చేస్తేనే పథకం నిలబడుతుందని ఓ వ్యాసంలో రాశారు. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మేం ఇప్పటికే కడుతున్నామండీ, నల్లాకు కాదు, క్యాన్‌కు. రోజుకో 20 లీటర్ల క్యాన్, 10 రూపాయలు. నెలకు 300. కూలికి పోయే ఇంట్లో అది చిన్న మాట కాదు.

ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ వచ్చాక ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల బాధ చాలా తగ్గింది, అది నిజం. ఆ బోరు నీళ్లు తాగిన మా పెద్దమ్మ ఇప్పుడు మెడ తిప్పలేకపోతుంది. వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది. మా పిల్లల పళ్ల మీద మాత్రం ఆ గార మరకలు లేవు.

మరి క్యాన్ ఎందుకంటారా? పైపు పగిలితే నాలుగు రోజులు నల్లా రాదు. ట్యాంకు ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు. కొనలేని వాళ్లు ఆ రోజుల్లో మళ్లీ బోరు నీళ్లే తాగుతారు. కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్! ఖరీదైన మిషన్లు అక్కర్లేదు. కానీ మందు కొలిచి వేసే మనిషి రోజూ ఉండాలి, అతనికి జీతం టైముకి అందాలి. ఏ పథకమైనా అక్కడే ఆగిపోతుంది.

రుసుం పెట్టమనండి, నెలకు 30 రూపాయలు సంతోషంగా ఇస్తాం. ఆ డబ్బు మా ఊరి వాల్వులకు, లీకులకే ఖర్చు కావాలి. లెక్క పంచాయతీ గోడ మీద రాయాలి.