హెచ్‌డీఎంఐ తీగ గారికి, టీవీ వెనక నుంచి

మహారాజశ్రీ హెచ్‌డీఎంఐ తీగ గారికి,

నమస్కారాలు. టీవీకి, గోడకు మధ్య ఉన్న జానెడు సందులో ఒక చెయ్యి, సగం మెడ దూర్చి, ఫోనును పళ్ల మధ్య కరుచుకుని ఆ వెలుగులో తమరిని వెతుకుతున్న భంగిమలో ఈ లేఖ పుట్టింది.

తమరు 2002 డిసెంబరులో లోకానికి వచ్చారు. అంతకుముందు మా ఇంట్లో ఎరుపు, తెలుపు, పసుపు తీగలు ఉండేవి. అక్షరం రానివాళ్లు కూడా రంగు చూసి గుచ్చేసేవారు. తమరు వచ్చి, బొమ్మా శబ్దమూ రెండూ నేనే మోస్తాను, ఒక్క తీగ చాలన్నారు. నమ్మి మూడింటినీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాం.

టీవీలోని శబ్దం తిరిగి హోమ్ థియేటర్ పెట్టెకు రావాలంటే ఇంకో తీగ కావాలని తరువాత తెలిసింది. 2009లో ఏఆర్‌సీ అని ఒక వరం ఇచ్చారు, సంతోషం. బొమ్మ వెళ్లిన దారినే శబ్దం వెనక్కి వస్తుందట. అయితే మా టీవీకి నాలుగు రంధ్రాలుంటే ఆ వరం ఒక్కదానికే ఉంది. ఆ మాట చీమ తలకాయంత అక్షరాల్లో, గోడ వైపు రాసి ఉంది. రెండు సాయంత్రాలు తప్పు రంధ్రానికి సేవ చేశాను. సరైనది దొరికాక, టీవీ, పెట్టె ఒకదానికొకటి ఆజ్ఞలు చెప్పుకునే సీఈసీ అనే సౌకర్యం ఆన్ చేయాలన్నారు. టీవీ మెనూ అంతా గాలించినా ఆ పేరు లేదు. ఒక కంపెనీ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఒకటి సింప్లింక్ అంటుంది, మరొకటి బ్రావియా సింక్ అంటుంది. ఉన్నది ఒక్క బిడ్డ, గడపకో బారసాల! అదీ అయ్యాక శబ్దం వచ్చింది, కానీ ముందున్న రెండు స్పీకర్లలోనే. టీవీ ఆడియోను పీసీఎం (శబ్దాన్ని టీవీయే విప్పి పంపే పద్ధతి) నుంచి బిట్‌స్ట్రీమ్‌కు (విప్పే పని పెట్టెకే వదిలేసే పద్ధతి) మార్చాక గాని వెనక స్పీకర్లు నోరు విప్పలేదు.

మాటలు మాత్రం అప్పటికీ వినిపించలేదు. బాంబులు పక్కింటికి వినిపిస్తున్నాయి, హీరో ఏమంటున్నాడో మనకు తెలియడం లేదేమిటిరా అన్నారు నాన్నగారు. సినిమాలో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరులోనే వస్తాయి. దాని తీగ ఊడిపోయి ఉంది. ఆ తప్పు నాది, తమరిది కాదు. న్యాయం న్యాయమే.

సీఈసీ పుణ్యమా అని టీవీ వెయ్యగానే పెట్టె కూడా దానంతటదే లేస్తుంది. మొన్న తెల్లవారుజామున నాన్నగారు భక్తి ఛానల్ పెట్టారు. ముందురాత్రి నేను యుద్ధం సినిమాకు పెంచిన శబ్దంతోనే సుప్రభాతం మొదలైంది, సబ్‌వూఫర్‌తో సహా. ఆ రోజు వేంకటేశ్వరస్వామితో పాటు మా అపార్ట్‌మెంటు నాలుగంతస్తులూ మేలుకున్నాయి.

పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని చూసి కొన్నానని మా బావమరిదితో గర్వంగా చెప్పుకున్నాను. ఆ అంకె ఉన్నంత మాత్రాన అందులోని కొత్త సౌకర్యాలన్నీ ఉండాలని నియమం లేదట. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు! ఇక బంగారు పూత తీగతో రంగులు నిండుగా వస్తాయని దుకాణదారు చెప్పాడు. తమరు మోసేది అంకెలను. అవి చేరితే బొమ్మ, చేరకపోతే చుక్కలు, చీకటి. ఎరుపును ఇంకా ఎర్రగా చేసే విద్య తమకు లేదని తెలిసీ కొన్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పకండి.

ఒక్కటే విన్నపం. తమ మూతికి వెడల్పు వైపు ఏదో, ఇరుకు వైపు ఏదో చీకట్లో వేలికి తెలిసేలా ఒక చిన్న బొడిపె పెట్టించండి. మొదటిసారి తిరగేసి గుచ్చని రోజు నా జీవితంలో లేదు.

ఇట్లు,
మెడ ఇంకా సందులోనే ఉన్న
తమ వినియోగదారుడు

తా.క.: బొమ్మ వచ్చింది. నా భుజం తమరికి ఆనుకుని ఉన్నంతసేపే ఉంటోందట. సినిమా అయ్యేవరకు కదలవద్దని సోఫాలోంచి ఆజ్ఞ. చిన్నప్పుడు ఆదివారం సినిమాకు మేడ మీద యాంటెన్నా పట్టుకుని నిలబడినవాణ్ణీ నేనే.