నేనెవరో చెప్పుకో చూద్దాం

తెలుగువాళ్లకి ఒక అధికారిక పరీక్షల బోర్డు లేదని బాధపడేవాళ్లు మన పెళ్లిళ్లకి వెళ్లరనుకుంటాను. ఏ కల్యాణమండపంలో చూసినా స్టేజీకీ భోజనాల హాలుకీ మధ్య, కూలర్ గాలి తగిలే చోట ఆ బోర్డు కొలువు తీరి ఉంటుంది. సభ్యులకి కనీస వయసు యాభై. విద్యార్హత ఏమీ అక్కర్లేదు, అభ్యర్థిని చంటిపిల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి ఎత్తుకుని ఉంటే చాలు. అభ్యర్థి అంటే ఊహ తెలియని వయసులో అమ్మానాన్నలతో అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లి, పెద్దయ్యాక సెలవుల్లో దిగిన పిల్ల. ప్రశ్నపత్రం ఎప్పుడో లీకైంది, అయినా ఎవరూ మార్చరు.

"నేనెవరో చెప్పుకో చూద్దాం!"

చెయ్యి పట్టుకునే అడుగుతారు. జవాబు వచ్చేదాకా వదలరు. పిల్ల తెలివైనదైతే నవ్వేసి ఊరుకుంటుంది. అంత తెలివి లేకపోతే "ఆంటీ" అంటుంది. ఇక అంతే. ఆ ఒక్క మాటతో అమెరికా వెళ్లి సంస్కారం ఎలా పాడైపోయిందో, తల్లి ఏం నేర్పిందో (తల్లే, తండ్రి ఎప్పుడూ కాదు) అన్నీ తేలిపోతాయి.

మొన్న తెనాలిలో మా బంధువుల పెళ్లిలో మా అన్నయ్య కూతురు ఈ పరీక్షకి కూర్చుంది. కూర్చుంది అనకూడదు, కూర్చోబెట్టారు. పరీక్షాధికారిణి మా మేనత్త కూతురు. పిల్ల పాపం పక్కనున్న నా మొహం చూసింది. నేను పెదవులు కదిపేలోపే అధికారిణి గారు నన్ను బయటికి పంపినంత పనిచేసి, జవాబు తానే ప్రకటించింది. "మీ నాన్నకి మేనత్త కూతుర్నే! అంటే నీకు అత్తయ్యని!"

"అత్తయ్యెట్లా అవుతావే?" అంది వెనక కుర్చీలోంచి మా పెద్దమ్మ. "వాడికి నువ్వు మరదలివి. పిల్లకి పిన్నివి అవుతావు."

"ఆయన వైపు నుంచి చూడు పెద్దమ్మా. ఆయన వీళ్లమ్మకి పెదనాన్న కొడుకు. అంటే పిల్లకి మేనమామ. మేనమామ పెళ్లాం అత్తయ్య కాక పిన్నెట్లా అవుతుంది?"

"మొగుడి వైపు వరస తర్వాత. పుట్టింటి వరస ముందు."

"పెళ్లయ్యాక పుట్టింటి వరస ఏంటి?"

ఈలోపు పంతులుగారు మాంగల్యధారణకి తొందర పెడుతున్నా ఈ మూల నుంచి అక్షింతలు ఒక్కటి లేవలేదు. మా బాబాయి, రిటైర్డ్ హెడ్మాస్టరు, అక్కడికొచ్చి రెండు వైపులా విని, ఇరువర్గాలూ రైటేనని తీర్పు చెప్పాడు. దాంతో ఇరువర్గాలకీ ఆయన మీద కోపం వచ్చింది. పిన్నా అత్తయ్యా అన్నది ఆ మధ్యాహ్నం తేలలేదు, నాకు తెలిసి ఇప్పటికీ తేలలేదు. బోర్డుకే జవాబు తెలియని ఆ ప్రశ్నలో ఫెయిలైంది మాత్రం పిల్ల. "పాపం, వరసలు కూడా తెలియవు" అని మా పెద్దమ్మ చప్పరించిన చప్పుడు మేళంలో కూడా వినిపించింది.

రెండో పేపరు భోజనాల దగ్గర. అమెరికా పిల్ల గోంగూర తింటుందా, తింటే తట్టుకుంటుందా అని నలుగురు తమ విస్తరాకులు వదిలేసి ఆమె విస్తరాకుని చూశారు. ఆ పిల్ల గోంగూర రెండోసారి వేయించుకుంది. న్యూజెర్సీలో వాళ్ల ఫ్రిజ్‌లో ఇంకేం లేకపోయినా గోంగూర సీసా ఉంటుంది, అది బోర్డుకి తెలియదు. తినేసరికి సభ్యులకి నిరాశ. ఇంతలో ఎదురు వరసలో మా గుంటూరు మేనల్లుడి కొడుకు "డాడీ, ఐ వాంట్ పాస్తా" అని లైవ్ కౌంటర్ వైపు పరిగెత్తాడు. వాడు చదివేది ఒలింపియాడ్ అనే తోక తగిలించుకున్న బళ్లో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. మొన్న వాళ్ల నాయనమ్మని "గ్రానీ" అన్నాడని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. వాణ్ని ఎవరూ ఏమీ అడగరు. వాడు అరండల్‌పేటలో పుట్టాడు, పుట్టడంతోనే పాసైపోయాడు. ఆదివారం పొద్దున నిద్ర మానుకుని, మంచులో కారు తీయించుకుని, తెలుగు క్లాసుకెళ్లి గుణింతాలు దిద్దిన పిల్ల మాత్రం పిన్ని దగ్గర, లేదా అత్తయ్య దగ్గర, తెలుగుదనం రుజువు చేసుకోవాలి.

సరే, మనవాళ్ల బోర్డులో ఫెయిలైతే పోయేది పరువే. ఈ పిల్లకి ఇంకో బోర్డు ఉంది.

తెలియనివాళ్లకి చెబుతాను. తండ్రికో తల్లికో అమెరికాలో ఉద్యోగం చేసుకునే హెచ్-1బి వీసా ఉంటే, వాళ్ల మీద ఆధారపడ్డ పిల్లలకి హెచ్-4. ఆ కాగితంతో బడికెళ్లొచ్చు, జీతానికి పనిచేయకూడదు. క్లాసులో మిగతావాళ్లు వేసవిలో ఐస్‌క్రీం షాపులో నిలబడి నాలుగు డాలర్లు సంపాదించుకుంటుంటే, వీళ్లు ఇంట్లో కూచిపూడి ప్రాక్టీసు చేస్తారు. (మనవాళ్లు దాన్ని సంస్కృతి మీద మమకారం అంటారు.) ఇరవై ఒకటి నిండిన రోజున ఆ హెచ్-4 చెల్లదు. ఈలోపు గ్రీన్‌కార్డు రావాలి. ఉద్యోగాల కోటాలో ఏటా సుమారు 1,40,000 ఇస్తారు, ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదని 1990 నాటి చట్టం. నాలుగు లక్షల జనం ఉండీ లేని ఐస్‌లాండ్‌కీ అదే గీత, నూట నలభై కోట్ల మనకీ అదే గీత.

ఏ తేదీకి ముందు వరసలో చేరినవాళ్లకి గ్రీన్‌కార్డు వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ అని ఒకటి నెలనెలా వస్తుంది. మా అన్నయ్య దాన్ని పంచాంగం చూసినట్టు చూస్తాడు. అందులో తేదీలు నడుస్తాయి, నిలబడిపోతాయి, ఒక్కోసారి వక్రించి వెనక్కి పోతాయి. 2025 ఆగస్టు బులెటిన్‌లో ఈబీ-2, అంటే పెద్ద చదువుల ఉద్యోగుల కోటాలో, ఇండియా వరస 2013 జనవరి 1 దగ్గర నిలబడి ఉంది. అన్నయ్య వరసలో చేరింది ఆ తర్వాత. కూతురికి మాత్రం ఏ వక్రగతీ లేకుండా ఠంచనుగా ఇరవై ఒకటి నిండాయి. ఇలాంటి పిల్లల వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇస్తూ 2002లో ఒక చట్టం తెచ్చారు. ఆ లెక్కకి బులెటిన్‌లోని ఏ తేదీల పట్టిక చూడాలన్నది 2023లో కాస్త ఉదారంగా మార్చి, 2025 ఆగస్టు 15 నుంచి మళ్లీ బిగించారు. ముహూర్తం చూడండి, మనకి జెండా పండగ.

ఇంకా విడ్డూరం, చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చి కాగితాల్లేకుండా ఉండిపోయిన పిల్లలకి 2012లో డాకా అని కొంత రక్షణ ఇచ్చారు. ఇవ్వాల్సిందే, ఆ పిల్లలు చేసిన తప్పేం లేదు. షరతుల్లో ఒకటి, ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా లేకుండా ఉండాలి. గడువు దాటకుండా ఫీజులు కట్టి, ప్రతి కాగితం రెన్యూ చేయించుకుంటూ వచ్చిన తండ్రి కూతురికి ఆ తలుపు తెరుచుకోదు. ఇలా కాగితాలుండీ ఇరుక్కున్న పిల్లల కోసం 2021లో ఒకసారి, 2023లో ఒకసారి బిల్లు పెట్టారు. చట్టం కాలేదు. ఇంట్లో తమ్ముడు న్యూజెర్సీ ఆసుపత్రిలో పుట్టాడు కాబట్టి వాడు పౌరుడు. ఒకే డైనింగ్ టేబులు, ఒకే గోంగూర సీసా. వాడు అక్కడి మనిషి, అక్క అతిథి.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆ పిల్లని 2008లో, నాలుగేళ్లప్పుడు, శంషాబాద్‌లో నిద్రలోనే విమానం ఎక్కించారు. వస్తావా అని ఎవరూ అడగలేదు, కన్నతండ్రి కూడా అడగలేదు. పదహారేళ్లు వచ్చేదాకా ఈ ఇరవై ఒకటి సంగతి ఆమెకి చెప్పనే లేదు. "టెన్షన్ ఎందుకని చెప్పలేదు" అంటాడు మా అన్నయ్య. చదువుకునే పిల్లకి టెన్షన్ పెట్టకూడదని, ఆ దేశం నీది కాదన్న విషయం దాచాడట! ఇక్కడేమో స్పెల్లింగ్ బీ గెలిచిన పిల్లాడు "తెలుగు తేజం", పెద్ద కంపెనీ సీఈవో "మన బిడ్డ". ఎన్నారైల సభల్లో మన నాయకులు దండలు వేయించుకుంటారు, సినిమావాళ్లు స్టెప్పులేస్తారు, చందాలు పోగవుతాయి. ఇరవై ఒకటో పుట్టినరోజుకి లాయరు దగ్గర కూర్చున్న పిల్లల గురించి ఏ స్టేజీ మీదా ఒక్కడు నోరు తెరవడు. పైగా "అంత బాధైతే వచ్చేయొచ్చుగా, ఇక్కడ కాలేజీలు లేవా?" అని తీరిగ్గా సలహా. చెప్పేది ఎవరయ్యా అంటే, సొంత కొడుకుని డాలస్ పంపడానికి పొలం అమ్ముకున్న పెద్దమనిషి.

మా మేనకోడలు ఇప్పుడు ఎఫ్-1 విద్యార్థి. ఏ దేశంలో ఒకటో తరగతి నుంచి చదివిందో ఆ దేశంలోనే విదేశీ విద్యార్థి. మా అమ్మ చూడాలని పట్టుబడితే, అందరూ వద్దన్నా వచ్చింది. తిరిగి వెళ్లాలంటే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగు కావాలి. దానికి ఇంటర్వ్యూ. వచ్చే ప్రతివాడూ అక్కడే ఉండిపోతాడని అమెరికా వీసా చట్టం ముందుగానే అనుకుంటుంది. కాదు, నా వేళ్లు నా దేశంలో ఉన్నాయి, చదువవగానే వెనక్కి వస్తాను అని నిరూపించుకోవాల్సింది అభ్యర్థే.

అందుకని పెళ్లి భోజనాలయ్యాక అదే హాల్లో, అదే బోర్డు మళ్లీ సమావేశమైంది. ఈసారి కోచింగ్ సెంటరు. వీసా ఆఫీసరు వేషం మా బాబాయిది. మా అన్నయ్య అక్కడ తెల్లవారకముందే లేచి వాట్సాప్‌లో హాజరు.

"వై ఆర్ యూ గోయింగ్ టు అమెరికా?"

"చదువు పూర్తిచేయడానికి తాతయ్యా."

"ఆఫీసర్ని తాతయ్యా అంటావా? సరే. చదువయ్యాక?"

పిల్ల ఆలోచనలో పడింది. హాలంతా ఒక్కసారే అరిచింది. "ఇండియా వచ్చేస్తానని చెప్పవే!"

"ఇండియాలో ఎక్కడికి?"

"తెనాలికి!"

"తెనాలిలో ఏం చేస్తాను?"

"నువ్వేం చేస్తావో మాకెందుకమ్మా? ఆఫీసరుకి చెప్పమంటున్నాం."

"అబద్ధం చెప్పాలా?"

"అబద్ధం కాదు, ఉద్దేశం" అన్నాడు ఫోన్లోంచి మా అన్నయ్య, పదిహేడేళ్ల లాయరు ఫీజుల అనుభవంతో.

మా పెద్దమ్మకి పిల్ల ఇంగ్లీషు మీద అభ్యంతరం వచ్చింది. "ఆ యాస వింటే ఆఫీసరు నమ్ముతాడా? కాస్త మనలాగా మాట్లాడమనండి." దాంతో పావుగంట పాటు ఉచ్చారణ తరగతి నడిచింది. పొద్దున "యాస వచ్చేసింది, తెలుగు పోయింది" అని పెదవి విరిచినవాళ్లే సాయంత్రం "వాటర్ కాదే, వాటరూ" అని నేర్పారు. మేనత్త కూతురు మర్చిపోకుండా, "మా పిన్ని తెనాలిలో ఉంది అని చెప్పు" అంది. ఆ పూటకి పిన్ని వరసే ఖాయం చేసుకుంది. పిల్ల అన్నీ వల్లె వేసింది. దుగ్గిరాల దగ్గర మా ఉమ్మడి పసుపు చేను ఎకరంన్నర ఉందనీ, అదంటే తనకి ప్రాణమనీ కూడా వల్లె వేసింది. పసుపుని ఆమె చూసింది న్యూజెర్సీ కాఫీ షాపులో పాలల్లో కలిపితేనే, అదీ ఏడు డాలర్లకి.

వీసా రాకపోతే కారణం ఏం చెబుతారో ఒక్కసారి ఆలోచించండి. నీకు ఇండియాతో తగినంత బంధం ఉన్నట్టు లేదమ్మా, కాబట్టి ఇండియాలోనే ఉండు. మేమెవరమో చెప్పలేకపోయావు కాబట్టి నువ్వు మా పిల్లవి కావని మనం. చెప్పలేకపోయావు కాబట్టి వాళ్ల దగ్గరే ఉండమని వాళ్లు. ఈ రెండు బోర్డులకీ మధ్య ఒక ఒప్పందం ఏదో ఉండే ఉంటుంది.

ఆస్తి ఉన్నట్టు కాగితం పట్టుకెళ్తే మంచిదని ఎవరో చెప్పారు. చేను ఇప్పటికీ ఉమ్మడిదే, సాగు బాబాయిది, పట్టాదారు పాసుపుస్తకం ఆయన బీరువాలో ఉంది. జిరాక్సు ఇవ్వమని నేనే అడిగాను. అప్పటిదాకా ఆఫీసరు కుర్చీలో నిటారుగా కూర్చున్న ఆయన కండువా సర్దుకున్నాడు. బీరువా తాళం పిన్ని దగ్గరుందన్నాడు. పిన్ని తాళం తీసి ఇవ్వబోతే, అసలు పుస్తకం బ్యాంకులో ఉందేమో చూడాలన్నాడు. చివరికి నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, పిల్ల బంగారం, నేను కాదన్ను. కానీ జిరాక్సు పట్టుకెళ్లి నాకు ఇక్కడ పొలం ఉందని తెల్లోడి ముందు రాసిచ్చాక, రేపు నిజంగానే వెనక్కొచ్చి వాటా అడిగితే?"