ఫుగాజీ ఎదగలేదు అనడం కరెక్ట్ కాదండి

అమెరికన్ రాక్ బ్యాండ్ ఫుగాజీ మీద మీరు రాసిన ఆర్టికల్ బాగుంది కానీ వాళ్ళు పెద్ద మ్యూజిక్ కంపెనీలని కాదనుకుని ఎదగలేకపోయారు అన్న ముక్క మాత్రం నేను ఒప్పుకోనండి. 1987లో వాషింగ్టన్ డీసీలో మొదటి షో, 2002 దాకా వెయ్యికి పైగా షోలు ఇచ్చారు, టికెట్టు వీలైనంత వరకు ఐదు డాలర్లే, పైగా అన్ని వయసుల వాళ్ళకీ ఎంట్రీ ఉండాల్సిందే అని పట్టుబట్టేవాళ్ళు, ఎందుకంటే అక్కడ బార్లలో కచేరీ అంటే చిన్న కుర్రాళ్ళని లోపలికి రానివ్వరు కదా. మరి అంత తక్కువకి ఎలా గిట్టింది అంటే మేనేజర్ లేడు, షోలు వాళ్ళే బుక్ చేసుకునేవాళ్ళు, టీషర్టులు కూడా అమ్మలేదు. రికార్డులు వేసింది డిస్కార్డ్ అనే సొంత రికార్డు కంపెనీ, అది ఫుగాజీ గాయకుడు ఇయాన్ మెకై, అతని స్నేహితుడు జెఫ్ నెల్సన్ వాళ్ళు 1980లో తమ పాత బ్యాండ్ టీన్ ఐడిల్స్ పాటలు బయటికి తేవడానికి పెట్టుకున్నదే.

మా బెజవాడలో బాగా వాయించే పిల్లలు ఎంతమంది ఉన్నారో, కానీ పెళ్ళిళ్ళకీ దసరా పందిళ్ళకీ సినిమా పాటలే వాయించాలి, సొంత పాట అనగానే స్పాన్సర్ ఎవర్రా అని అడుగుతారు. గుంటూరులోనూ ఇదే కథ. హాలు అద్దె, మైక్ సెట్టు ఖర్చు లెక్కేసుకుని చిన్న టికెట్టు పెట్టి చూడండ్రా అని నేను వాళ్ళకి చెప్తూనే ఉన్నా.

ఇంకోటి, బ్యాండ్ రద్దయింది అని రాశారు, వాళ్ళు ఆపారు గానీ విడిపోయాం అని ప్రకటించలేదు. 2011 నుంచి పాత షోల రికార్డింగులు వందల్లో ఆన్‌లైన్‌లో పెట్టారు, అది కూడా ఆర్టికల్‌లో చేర్చండి ప్లీజ్.