భాగహారంలో తప్పిపోయిన సున్నా

816ని 4తో భాగించమంటే 24 అని రాసే పిల్లలను లెక్కలు చెప్పే ప్రతి టీచరూ చూసే ఉంటారు. ఎనిమిదిలో నాలుగు రెండుసార్లు పోతుంది. ఒకటిలో పోదు కాబట్టి ఆరును దించి పదహారు చేసుకుంటే నాలుగుసార్లు పోతుంది. రెండు పక్కన నాలుగు వేస్తే లెక్క అయిపోయిందనుకుంటారు. మధ్యలో సున్నా పడలేదు. టీచరు దాన్ని కొట్టేసి, భాగహారం మళ్లీ మొదటి నుంచి చెప్పి, ఇంటికి మరో పది లెక్కలు ఇస్తారు. సున్నా రావలసిన చోటల్లా మళ్లీ అదే తప్పు వస్తుంది. ఆ బిడ్డకు భాగించే పద్ధతి వచ్చు. పదుల స్థానంలో ఏమీ లేనప్పుడు ఆ చోటును సున్నాతో నిలబెట్టాలన్నదే తెలియదు. అంటే రానిది స్థాన విలువ. అది ఎప్పుడో కింది తరగతిలో ‘పూర్తయిన’ పాఠం.

పాఠ్య ప్రణాళిక రాసేటప్పుడు మన శ్రద్ధంతా ఈరోజు ఏం చెప్పాలన్నదాని మీదే ఉంటుంది. ‘పూర్వ జ్ఞానం’ అన్న గడిలో నిన్నటి పాఠం పేరు రాసి ముందుకు వెళ్లిపోతాం. నా దృష్టిలో ప్రణాళిక మొత్తంలో అతి ముఖ్యమైన గడి అదే. అక్కడ పాఠం పేరు రాస్తే ఏమీ తేలదు. పిల్లలు చేయగలగాల్సిన పని రాయాలి. ‘భిన్నాలు తెలుసు’ అన్నది పరీక్షించి చూడగలిగే మాట కాదు. ‘3/4కి సమానంగా, హారం 12 ఉండే భిన్నం రాయగలరు’ అంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అమెరికన్ విద్యా మనోవిజ్ఞానవేత్త రాబర్ట్ గాన్యే 1960లలోనే దీనికి దారి చూపారు. పిల్లలు చివరికి చేయాల్సిన పనిని ముందు పెట్టుకోవాలి. అది చేయాలంటే ముందుగా ఏం చేయగలగాలో అడగాలి. వచ్చిన ప్రతి జవాబు మీదా మళ్లీ అదే ప్రశ్న వేస్తూ మెట్టు మెట్టుగా కిందికి దిగాలి. చెప్పుకోవడానికి తేలికే, కూర్చుని చేస్తే కష్టం తెలుస్తుంది. ఏళ్ల తరబడి చేసిన పని మనకు ఒకే అడుగులా అనిపిస్తుంది. అందులో కలిసిపోయిన చిన్న అడుగులు కంటికి ఆనవు. అందుకే టీచరు జ్ఞాపకం కంటే పిల్లల నోటుపుస్తకంలోని తప్పులే ఎక్కువ చెబుతాయి. 1/2, 1/3 కలిపి 2/5 అని రాసిన బిడ్డకు కూడిక వచ్చు. అయితే 2/5 సగం కన్నా తక్కువని, సగానికి ఇంకొంత కలిపితే తగ్గడం కుదరదని తోచలేదు. భిన్నం ఎంత పెద్దదో అంచనా వేయడం అక్కడ లోపించింది.

ఇందులో ఒక ప్రమాదమూ ఉంది. ముందు వచ్చేదల్లా పునాది అనుకుంటే ‘ఎక్కాలు రానిదే భిన్నాలు చెప్పం’ అనే దాకా పోతాం. నేను దీన్ని ఒప్పుకోను. ఎక్కాలు నోటికి వస్తే పని వేగంగా సాగుతుంది, బుర్ర మీద బరువు తగ్గుతుంది. రాని బిడ్డ ఎక్కాల పట్టిక ఎదురుగా పెట్టుకుని భిన్నాలు కలపడం నేర్చుకోవచ్చు. సమాన భిన్నమంటే ఏమిటో తెలియని బిడ్డకు మాత్రం ఏ పట్టికా సాయపడదు. లేకపోతే అడుగే పడనిది ఒకటి, ఉంటే నడక తేలికయ్యేది మరొకటి. గాన్యే కూడా ఈ రెంటినీ వేరుగానే చూశారు. ఈ తేడా పట్టించుకోకపోతే, వెనకబడిన పిల్లలు ఏడాదంతా తీసివేతల దగ్గరే ఉండిపోతారు. తోటివాళ్లు కొత్త పాఠాలు వింటుంటే, వాళ్లకు అవి వినే అవకాశమే దక్కదు.

పిల్లలకు ఆ పునాది ఉందో లేదో తేల్చుకోవడానికి, కొత్త పాఠానికి ఒకరోజు ముందు మూడు ప్రశ్నలు చాలు. 816 విషయంలో అయితే నేను ఒక్కటే అడుగుతాను: 800ని నలుగురికి పంచితే తలా 200 వస్తుంది కదా, మరి 816 పంచితే 24 ఎలా వస్తుంది? ఒక బిడ్డ కాసేపు ఆగి, తన లెక్క చూసుకుని సున్నా వేస్తుంది. ఇంకో బిడ్డకు ఆ ప్రశ్నలో వింతేమీ కనిపించదు. మర్నాడు ఈ ఇద్దరికీ ఒకే పాఠం చెప్పకూడదు. రెండో బిడ్డను భాగహారం పక్కన పెట్టి, వందలు, పదులు, ఒకట్ల దగ్గరికి తీసుకెళ్లాలి. అందుకు రెండు రోజులు పట్టినా సరే, టీచరుకు ఆ రెండు రోజులు దొరకాలి.